న్యూట్రల్‌లో దిగిన బండి

కొండ మీది లా త్రినిదాద్ ఊళ్లో స్ట్రాబెరీ తోటల మీద మంచు ఇంకా విడలేదు. ఓస్ముందో కాఫీ కప్పు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అల్లుడు ఆర్డెల్ అప్పుడే బండి ముందు చక్రం విప్పి పక్కన పెట్టాడు.

"బ్రేకు ప్యాడ్లు మళ్లీ అరిగిపోయాయి మామయ్యా. డిస్కు చూడండి, వేడికి నీలం తిరిగింది."

"ఈ కాలం సరుకు అంతే. నేను జనాన్ని ఎక్కించుకుని తిప్పిన పాత జీప్నీ ప్యాడ్లు రాళ్లలా ఉండేవి."

బ్రేకులే పెద్దవి చేయిద్దామని ఆర్డెల్ ఆలోచన. వెడల్పు డిస్కులు, వాటిని పట్టే ఎర్రటి కాలిపర్లు, ఖరీదైన ప్యాడ్లు. బొమ్మలు కూడా ఫోన్లో దాచుకున్నాడు. ఆ బండి మీదే పూలు, పళ్లు కిందికి పంపి వ్యాపారం నడిపేది అతని భార్య జోవెలిన్. నష్టం ఎక్కడ పుడుతోందో తెలియకుండా ఖర్చు పెంచడం ఆమెకు గిట్టదు.

"బిందెకు చిల్లెక్కడుందో చూడకుండా ఇంకా పెద్ద బిందె కొంటావా?" అంది.

"చిల్లేంటి?" అన్నాడు ఓస్ముందో.

"బండి ముగ్గురం నడుపుతున్నాం నాన్నా. మీరు కింద సముద్రం ఒడ్డున అగో వెళ్లొచ్చిన రోజే కాలిన వాసన వస్తోంది."

"అంటే నాకు బండి నడపడం రాదంటావు."

"అనలేదు. ఇవాళ మీ పక్కన నేను కూర్చుంటాను. సంగతి తేలేదాకా లియాను మీతో పంపను."

ప్రతి శనివారం సరుకు దింపి, మనవరాలు లియాకు సముద్రం చూపించి తీసుకురావడం ఓస్ముందోకు వారం మొత్తానికి ఉన్న ఒకే పండగ. అతను కాఫీ సగంలోనే పారబోసి లోపలికి వెళ్లాడు.

కొత్త ప్యాడ్లు బిగించాక తండ్రీ కూతుళ్లు బయల్దేరారు. కొండదారి మొదటి దిగుడు రాగానే ఓస్ముందో చెయ్యి దానంతటదే గేరును న్యూట్రల్‌లోకి నెట్టింది. బండి వదిలేసినట్టు జారింది. అక్కణ్ణుంచి అతని కాలు బ్రేకు మీదే ఉంది.

"న్యూట్రల్‌లో వేశారేంటి?"

"దిగుడులో మరేం వేస్తారు? కొండే తోస్తుంటే డీజిల్ తగలబెట్టడమెందుకు?"

నాలుగు వంపులు దాటేసరికి వాసన మొదలైంది. జోవెలిన్ బండి పక్కకు ఆపించింది. చక్రం దగ్గర సన్నగా పొగ వస్తోంది.

"ఇది చూడండి. వెనక లియా కూర్చుని ఉంటే, బ్రేకు పట్టకపోతే ఏం చేసేవారు?"

"జీవితమంతా ఇలాగే దిగాను. ఒక్కసారి కూడా ఎవరినీ గుద్దలేదు."

"గుద్దాక చెప్పుకోవడానికి ఎవరైనా మిగలాలిగా."

ఓస్ముందో ముఖం గట్టిపడింది. "అలా మిగిలిన డీజిలే నిన్ను చదివించింది. పొద్దున దిగినప్పుడు మిగిల్చింది సాయంత్రం నీ ఫీజు డబ్బాలో పడేది. ఇప్పుడు నాకు డ్రైవింగు నేర్పుతున్నావు."

ఆ సంగతి జోవెలిన్‌కు ఇప్పటిదాకా తెలియదు. చుక్క కూడా వృథా చేయదని మార్కెట్లో తనకున్న పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎన్నడూ ఆలోచించలేదు. చక్రాలు చల్లారేదాకా ఇద్దరూ రోడ్డు పక్కనే ఆగారు.

"ఇప్పుడు చిన్న గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. నా కోసం," అంది చివరికి.

ఇంజను గట్టిగా అరిచింది. ఓస్ముందో మొహం చిట్లించాడు. "తాగేస్తోంది."

"స్టీరింగు వెనక తెర చూడండి. ఎంత తాగుతోందో అక్కడ పడుతుంది."

తెర మీద సున్నా ఉంది. నమ్మక, వాలు తగ్గిన చోట న్యూట్రల్ వేసి చూశాడు. అంకె పైకి లేచింది. మళ్లీ గేరులో వేశాడు. సున్నా. ఇంకోసారి చూశాడు. గేరులో దిగితే చక్రాలే ఇంజన్ను తిప్పుతున్నాయి; న్యూట్రల్‌లో అయితే అది తిరగడానికి డీజిల్ కావాలి.

"అయితే నేను మిగిల్చానన్నదంతా..." అని ఆగిపోయాడు.

"మీ పాత జీప్నీ ఎంత తాగేదో నాకు తెలీదు నాన్నా. ఎవరి కోసం చేశారో మాత్రం ఇవాళ తెలిసింది." ఆమె ఫోను తీసి ఆర్డెల్‌తో, "ఆ పెద్ద డిస్కులు వద్దు. మళ్లీ శనివారానికి లియాను తయారుచెయ్యి," అంది.

ఓస్ముందో తడిసిన కళ్లు తుడుచుకోలేదు, చేతులు స్టీరింగు మీదే ఉంచాడు. తర్వాతి వంపును ఇంజను అరుపుతోనే నెమ్మదిగా దాటించాడు.

"అప్పుడే లియాను నాతో ఒంటరిగా పంపకు జోవీ," అన్నాడు. "నా చేతికి ఇది అలవాటయ్యేదాకా నువ్వూ పక్కన కూర్చో."