పద్నాలుగో చెరువు లైను

ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు పైఅంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. కైకలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టెలు బిగించి, నీళ్ళలో ఏ తేడా వచ్చినా కాపలావాళ్ళ ఫోన్లకు కబురు పంపడం వాళ్ళ పని. ఫోను ఒక్కసారి సర్వర్‌ని పలకరించి, లైను తెరిచిపెట్టుకుని కూర్చుంటుంది. చెప్పాల్సింది ఉన్నప్పుడు సర్వరే చెబుతుంది. లేనప్పుడు గంటలకొద్దీ మౌనం. ఆ మౌనం కూడా కాపలాయే.

అక్కడ డ్యూటీ చేసే కిరీటికి ఆ సంగతి పట్టలేదు.

"ఏవయ్యా, తెర నిండా ఈ చీమలబారేంటి? ఉలుకూ పలుకూ లేని లైన్లకు మేత మేపుతున్నావా?" అని మేనేజరు హనుమయ్య ఒకసారి దెప్పాడు. అప్పట్నుంచి ఆయన వచ్చే వేళకు కిరీటి పలకని లైన్లన్నీ కోసేసేవాడు. కాసేపటికి ఫోన్లు వాటంతటవే మళ్ళీ కలుస్తాయని ధీమా.

పది రోజుల క్రితం అలాగే కోశాడు. ఆ కాసేపట్లోనే పద్నాలుగో చెరువులో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటరు నుంచి నీళ్ళలోకి కరెంటు పాకింది. కబురు అందక కాపలాదారు రత్తయ్య చెరువులోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. కిరీటి కోసిన ఆనవాళ్ళు చెరిపేసి, "ఫోను ఆపేసుకున్నాడండీ" అన్నాడు. అందరూ నమ్మారు. నమ్మారు కాబట్టి అతనికి బుద్ధి రాలేదు. ఈ మధ్యాహ్నం కూడా లైన్లు కోశాడు.

మబ్బు కమ్మి గది చీకటైంది. కింద షాపుల్లో సుత్తుల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. ఎక్కడినుంచో చెరువు బురద వాసన...

తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. పద్నాలుగో చెరువు. నీళ్ళలో కరెంటు. దిగవద్దు.

ఇప్పుడక్కడ కాపలా రత్తయ్య భార్య శౌరమ్మది. ఆమె లైను ఇందాకే తన చేత్తో కోశాడు. ఫోను చేశాడు. కలవలేదు. మళ్ళీ చేశాడు... మళ్ళీ...

ఆ చెరువు పేరు కింద ఒక్క లైను మాత్రం తెరిచి ఉంది. రత్తయ్యది. తెరిచి పది రోజులు.

కబురు అటే వెళ్ళింది. అందినట్టు గుర్తు పడింది.

కాసేపటికి ఫోను మోగింది.

"బాబూ, శౌరమ్మనండీ," ఆమె రొప్పుతోంది. "నీళ్ళలో కాలు పెట్టబోతుంటే ఎవరో జబ్బ పట్టుకుని వెనక్కి లాగారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. జబ్బ మీద బురద వేళ్ళు..."

"రత్తయ్య ఫోను... ఎక్కడుందమ్మా?"

"శవపెట్టెలో ఆయనతోనే పాతిపెట్టాం కదండీ. ఎంత లాగినా ఆ చేతిలోంచి రాలేదు. ఆ రోజు మీ కబురు ఎందుకు రాలేదు బాబూ?"

నిజం చెప్పుకోవడానికి అంతకంటే అదను దొరకదు.

"ఫోను ఆపేసుకున్నాడమ్మా," అని గొణిగి పెట్టేశాడు.

రత్తయ్య లైను కోశాడు. పోయింది. మళ్ళీ వచ్చింది. కోశాడు. వచ్చింది...

బల్ల కింద నీళ్ళు కదిలిన చప్పుడు.

కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని, మెల్లగా వంగి చూశాడు. నేల పొడిగానే ఉంది. అతని చెప్పుల్లో ఒకటి మాత్రం గిర్రున ఒక చుట్టు తిరిగి, తేలుతూ గుమ్మం వైపు పోతోంది.