కిటికీకి రంగుల బొమ్మ

పొద్దున్నే కాఫీ తాగేసి సుబ్బాయమ్మ కిటికీ వైపు తిరిగి పడుకుంది. తుంటి విరిగి మంచం పట్టిన దగ్గర్నుంచీ ఆవిడకి ఉప్పలగుప్తం ఊరంతా ఆ కిటికీలోనే ఉంది. అవతల చిన్నకొడుకు అమ్మిరాజు పెరడు. అక్కడ కోడలు కామేశ్వరి బట్టలుతుకుతుంది, తల ఆరబెట్టుకుంటుంది. పది నెలల మనవరాలు బుజ్జి చాప దిగి మట్టిలోకి పాకుతుంది. ఈవిడ ఇక్కడ పడుకుని నవ్వుకుంటుంది.

కామేశ్వరికి ఆ నవ్వు కనపడదు, చూస్తున్న కళ్లే కనపడతాయి. సొంత పెరట్లో కూడా పమిట సర్దుకుంటూ తిరగాలంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? కిటికీ మూయకపోతే తమ హద్దులో గోడ లేపుతామని కబురంపింది.

"లేపుకోమను. నా ఇల్లు, నా కిటికీ," అన్నాడు పెద్దకొడుకు గోవిందరాజులు. దాంతో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఆయన కూతురు ప్రియాంక అమలాపురంలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేస్తుంది.

"గోడ లేస్తే మామ్మకి వెలుతురు కూడా ఉండదండి నాన్నగారూ. చర్చి కిటికీలకి రంగురంగుల అద్దాలుంటాయి చూడండి, అలాంటి బొమ్మ స్టిక్కరు మీద వేయించి అంటిద్దాం. వెలుతురొస్తుంది, చూపు దాటదు."

"ఏం బొమ్మ?"

"అది నాకొదిలేయండి."

స్టూడియోకి కొత్తగా వచ్చిన డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి, మామ్మ మంచం పక్కన నిలబడి, పెరట్లో ఉన్న పిన్ని కామేశ్వరినీ బుజ్జినీ కిటికీలోంచి ఫోటో తీసింది. ఫోటోషాప్‌లో బొమ్మని రంగుటద్దాల్లా మార్చే స్టెయిన్డ్ గ్లాస్ ఫిల్టర్ వేస్తే అంతా తేనెపట్టు గదుల్లా ముక్కలైపోయింది. పిన్ని ఎవరో, అరటిచెట్టు ఏదో తెలియలేదు. అది తీసేసి, ఫోటో మీద గాజుకాగితం పరిచినట్టు ఖాళీ లేయర్ పెట్టి, ప్రతి అంచు వెంటా మౌసుతో నల్లగీత గీసింది. గీతల మధ్య ఒక్కో ముక్కకీ ఒక్కో రంగు నింపింది. పిన్ని చీరకి ఎరుపు, అరటాకులకి ముదురూ లేతా ఆకుపచ్చలు. చిన్నది కదా, బుజ్జి ఆ గీతల్లో ఇరుక్కుని మాయమైపోతోంది. దాని చుట్టూ మాత్రం గీత సన్నం చేసింది.

పెళ్లిళ్ల రోజులు, తీరిక లేదు. అచ్చైన స్టిక్కరు షీటు చేతికొచ్చేసరికి నెలన్నర దాటింది. గోడ లేవకుండా అంతవరకూ కిటికీ రెక్కలు మూసే ఉంచారు.

అంటించిన సాయంత్రం మామ్మ గదిలో లైటు వేయగానే, పెరట్లో బట్టలు తీస్తున్న కామేశ్వరికి కిటికీ నిండా తనే కనిపించింది. బుజ్జిని చంకనేసుకుని, అన్నాళ్లుగా తొక్కని గడప విసురుగా దాటింది.

"ఏమ్మా ప్రియాంకా, నన్ను చూడొద్దంటే బొమ్మ చేసి పెట్టుకున్నారా?"

"మామ్మకి పొద్దు పోవాలని చేసేనండి పిన్నిగారూ."

"పొద్దు పోడానికి నేనే దొరికేనా? నేను ఏం తింటున్నానో, ఎప్పుడు లేస్తున్నానో లెక్కలు కట్టడానికేనా ఆ చూపు?"

వసారాలోంచి గోవిందరాజులు లేచాడు. తల్లి గొంతు వినిపించి ఆగిపోయాడు.

"వచ్చేవా కామేశ్వరీ? ఇలా రామ్మా. బొమ్మ బాగా కుదిరింది. అరిటాకులు కూడా తెలుస్తున్నాయి." సుబ్బాయమ్మ కోడలి చంకలోని బిడ్డని చూసింది. "కానీ ఇందులో బుజ్జిది పాకుతూనే ఉంది. దానికి నడకొచ్చిందా?"

కామేశ్వరి బుజ్జి వైపు చూసింది. నడకొచ్చి వారం దాటింది. మొదటి అడుగు ఈ కిటికీ కిందే వేసింది. ఆ రోజు చప్పట్లు కొట్టి నవ్వింది తనొక్కతే. మూసిన రెక్కల వెనక ఆ నవ్వు వింటూ ఈవిడ పడుకుని ఉంటుందన్న ఆలోచనే అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చిందండి అత్తయ్యగారూ," అంది. బిడ్డని గుమ్మం దగ్గర దింపి, తను వెళ్లి మంచం అంచున కూర్చుంది. "రావే, మామ్మ దగ్గరికి రా."

బుజ్జి ఊగుతూ బయల్దేరింది. సుబ్బాయమ్మ చేతులు చాపింది.

"పడిపోతుందేమోనమ్మా."

"పడినా లేస్తుందండి. మీరు చూడండి."

పడింది, లేచింది, వచ్చి మామ్మ వేలు పట్టుకుంది.

"మీరు చూస్తున్నారని కోపం తెచ్చుకున్నాను గానీ, ఎందుకు చూస్తున్నారో ఒక్కసారీ అడగలేదండి," అంది కామేశ్వరి.

"ఆ బొమ్మ అలాగే ఉండనీ అమ్మా. నీ పెరడు నీది," అంది సుబ్బాయమ్మ, మనవరాలి చెయ్యి వదలకుండా. "ఇది మాత్రం అప్పుడప్పుడూ ఇలా నడిచొచ్చి కనపడి వెళ్తే చాలు."

కామేశ్వరి అత్తగారి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.