దానంతటది లేచే అప్లికేషన్

2004లో బ్రూక్‌ఫీల్డ్‌లో కరెంటు పోతే సంతోషించే మనిషి ఒక్కడే ఉండేవాడు. పేరు దామోదర్.

అక్కడి ఒక పట్టుచీరల ఆఫీసులో కరెంటు పోయి రాగానే లినక్స్ సర్వర్ లేచేది. ఆర్డర్లు తీసుకునే జావా అప్లికేషన్ మాత్రం లేచేది కాదు. దాన్ని రాసిన దామోదర్ పక్కనున్న కుందలహళ్ళి నుంచి పరుగున వచ్చి లేపాలి. పిలిచేది ఆ ఆఫీసులో ఆర్డర్లు చూసే పద్మావతి మరి.

"మళ్ళా పండుకోనుండాది," అనేది ఫోన్లో. దొడ్డబళ్ళాపురం మగ్గాల ఇంటి పిల్ల. "ఎట్ల లేపేదో చెప్తే నేనే లేపుతా కదా?"

"ఫోన్లో కుదరదండి. నేనే రావాలి."

అబద్ధం. రెండు ముక్కల కమాండ్, అంతే.

ఆర్నెల్ల తర్వాత దామోదర్ మేనేజర్ గురుమూర్తికి అనుమానమొచ్చింది. "ప్రతిసారీ మనిషి వెళ్ళి లేపడమేంటయ్యా? ప్యాకేజీ చేసి సర్వీస్‌గా పెట్టు. మెషీన్‌తో పాటే అదీ లేవాలి. శుక్రవారంలోపు."

దామోదర్ సరేనన్నాడు. అది దానంతటది లేస్తే ఇక ఆ ఫోన్ రాదు. కాస్త తప్పుగా రాసినా సరిపోయేది, కానీ పని చెడగొట్టడం చేతకాదు వెధవకి. శుభ్రంగా రాసి, ఆపడానికీ నడపడానికీ వాడే కమాండ్‌లు ఒక కాగితం మీద ప్రింటు తీసి, శుక్రవారం ఇన్‌స్టాల్ చేశాడు.

"ఇంక మీరు రానక్కర్లేదా?" అంది పద్మావతి.

"అక్కర్లేదండి."

ఇద్దరూ సర్వర్ వంకే చూశారు.

సోమవారం కరెంటు పోయింది, వచ్చింది. ఫోన్ రాలేదు. మంగళవారం రెండుసార్లు పోయింది. రాలేదు. ఇంత బాగా రాసి ఏం బావుకున్నానని తనని తనే తిట్టుకున్నాడు.

గురువారం ఫోన్ మోగింది.

"మీ సర్వీస్ పండుకోనుండాది."

ఆనందం ఒకవైపు, పరువు ఒకవైపు లాగుతుంటే వచ్చి, ఏది ఎప్పుడు జరిగిందో రాసుండే లాగ్ తెరిచాడు. అప్లికేషన్ పడిపోలేదు. పదీ నలభైకి ఎవరో కమాండ్ ఇచ్చి ఆపారు. పక్కనే లాగిన్ పేరుంది. పద్మావతి.

"మీరు ఆపారా?"

"పేరు కూడా రాసిపెడ్తాదని నాకేం తెల్సప్పా," అంది ఆమె, మొహం ఎర్రబడి. "ఆపేది మీ కాగితంలో ఉండాది."

"పోనీ, లేపడం కూడా అందులోనే ఉందిగా."

"లేపేది మీరొచ్చిన రెండోరోజే మీ వెనక నిలబడి రాసుకున్యా."

"మరి ఆర్నెల్లుగా ఫోన్లు?"

"ఫోన్లో కుదరదంటిరి కదా. నేనూ నమ్మినట్లుండా."

"నాకు మీరంటే ఇష్టమండి," అనేశాడు. "కరెంటు పోవాలని రోజూ దండం పెట్టుకునేవాణ్ణి."

"ఆదివారం మా ఇంటికి రాండి. మా నాయనకు నేనే చెప్పిండా."

"ఏమని?"

"అబద్ధాలాడేకి రాదు, పని బాగా చేస్తాడని."

ఇంతలో దామోదర్ ఫోన్ మోగింది. గురుమూర్తి. గంట నుంచి ఒక్క ఆర్డరూ రావడం లేదట. సర్వీస్ సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

దామోదర్ ఏదో సంజాయిషీ మొదలుపెట్టాడు. పద్మావతి కీబోర్డు తన వైపు లాక్కుని ఆ రెండు ముక్కలూ కొట్టింది, కాగితం చూడకుండానే.