నల్లద్దం ముక్క

ఆ నల్లద్దం ముక్క ఇప్పటికీ ఊర్మిల బీరువాలో, పెళ్లిచీర మడతల్లో ఉంది. తీసి చూసినప్పుడల్లా తొంభైల చివరి రోజులు గుర్తొస్తాయి. అప్పట్లో నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య నలుగుతున్న జగిత్యాల దిక్కున మూడుకాళ్ల స్టాండు ఎక్కడ కనిపించినా జనం దూరం జరిగేవారు.

రాయికల్‌లో కొత్త టీచరు ఊర్మిల మాత్రం మడి గట్టు దగ్గర సైకిల్ ఆపింది.

“ఏంది సార్ గది? పోలీసులు చూస్తే అన్నల మనిషంటరు, అన్నలు చూస్తే ఇన్ఫార్మరంటరు. రెండు దిక్కులా దెబ్బలే.”

పరికరం పెట్టుకుని కూర్చున్న కోరుట్లవాడు, హైదరాబాద్‌లో ఉపగ్రహ కేంద్రం సైంటిస్టు జనార్దన్ నవ్వాడు. “ఉపగ్రహం చేసే తప్పు కొలుస్తున్న టీచరమ్మా. కిందికి సీదా చూస్తే పైరు లెక్క సరిగనే చెప్తది. అంచులకు ఏటవాలుగ చూసిందా, నీళ్ల తళుకుకు మోసపోతది.”

నల్లద్దం ముక్క చేతికిచ్చాడు. ఊర్మిల కంటికి ఆనించి మెల్లగా తిప్పింది. మడి మీది మెరుపు మాయమై, నీటి అడుగున నారు మొదళ్లు కనిపించాయి.

“తళుకంటే ఒకే దిక్కుకు ఊగే వెలుగు. అద్దం దాన్ని ఆపింది. ఉపగ్రహం కంటికి గా వెలుగు ఒక దిక్కుకు ఊగితే ఎక్కువ, ఇంకో దిక్కుకు ఊగితే తక్కువ కనబడ్తది. గందుకే లెక్క తప్పుతది.”

ఆ తర్వాత రోజూ ఆమె సైకిల్ చైన్ ఆ గట్టు దగ్గరే ఊడేది. అతను వంగి చైన్ వేసేవాడు, ముఖం వంక చూసేవాడు కాదు. ఆమె కంటి కొసతో చూసేది. ఊరికి కళ్లెక్కువ మరి.

కొలతలు అయిపోయాయి. “రేపు కోరుట్లల బస్సెక్కి హైదరాబాద్ పోతున్న,” అన్నాడు.

“పో. ఆదివారం నన్ను చూడ వస్తున్నరు,” అంది ముఖం తిప్పుకుని.

కోపమనుకున్నాడు మహానుభావుడు. సామాను సర్దుకున్నాడు.

మర్నాడు కోరుట్ల బస్టాండులో, సిరిసిల్ల మీదుగా పోయే బస్సు కదిలేలోపు ఊర్మిల పరుగున వచ్చింది. ఇప్పుడు అడగకపోతే జన్మలో అడగలేనని ఆమెకు తెలుసు.

“నా మొఖం ఒక్కసారన్న సీదా చూసినవా?”

“చూస్తే మీకు కోపమొస్తదని...”

“ఏటవాలుగ చూస్తే కోపమే కనబడ్తది. నీ ఉపగ్రహం తప్పే నువ్వు చేస్తున్నవ్. గిప్పుడు చూడు.”

చూశాడు. ఆమె కళ్లనిండా నీళ్లు. వాటి అడుగున ఏముందో తెలియడానికి అద్దం అక్కర్లేకపోయింది.

కండక్టర్ వచ్చాడు. “ఎక్కడికన్నా?”

“సిరిసిల్లకు రెండు,” అన్నాడు జనార్దన్.

సిరిసిల్లలో ఊర్మిల తండ్రి మార్కండేయులుది మగ్గాల పని. బట్టను ఏటవాలుగా చూస్తేనే నేతలో తప్పు దొరుకుతుందంటాడు. జనార్దన్‌ను కూర్చోబెట్టి, చాయ్ తాగినంతసేపూ కంటి కొసతోనే చూశాడు. ఊర్మిల గుండె మరమగ్గంలా కొట్టుకుంది.

“ఎటునుంచి చూసినా తప్పు దొర్కుతలేదు బిడ్డా,” అన్నాడు చివరికి, ఖాళీ గ్లాసు కింద పెట్టి. “ఆదివారం వచ్చేటోళ్లకు వద్దని కబురు పెడ్త.”