నల్లరంగు పూసిన టైర్లు

ముసురు పట్టిన సాయంత్రం. ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చిన నర్సుకు, పెరటి షెడ్డులో పీట మీద మొగుడు కనిపించాడు. అరిగిన కారు టైరు ముందు పెట్టుకుని, పగుళ్లలోకి నల్లరంగు దిద్దుతున్నాడు. పాత చక్రాలు చవగ్గా కొని, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్మడం అతని పని.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నిన్న ఆ టాక్సీ అతనికి అంటగట్టినవీ ఇలాంటివేనా?"

"చూసుకునే కొన్నాడుగా!"

"కనబడకుండా రంగు పూసి, చూసుకున్నాడంటారా? ఫోన్ చేసి తీసెయ్యమనండి. ఇప్పుడే!"

"నీ ఇంజెక్షన్లేవో నువ్వు చూసుకో. నా పనిలో వేలు పెట్టకు."

బ్రష్షు లాక్కుని వానలోకి విసిరికొట్టింది. అప్పుడే గేటు కిర్రుమంది.

టాక్సీ అతనే. వీధిలో కారు లేదు. రిమ్ములతో సహా నాలుగు చక్రాలూ ఒక్కడే మోసుకొచ్చాడు. అంత వానలోనూ చొక్కా తడవలేదు. చక్రాలు నేల మీద పెడితే చిన్న చప్పుడైనా కాలేదు. షెడ్డంతా కాలిన రబ్బరు కంపు.

"వెనక్కి తీసుకో అన్నా…"

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోను!"

"డబ్బులొద్దు. ఇంకెవరికీ… అమ్మకు."

"సిగ్గనిపించట్లేదూ మీకు?" ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. ఇటు తిరిగేసరికి… అతను లేడు. గేటు గడియ వేసే ఉంది.

ఆమె ఫోన్ మోగింది. స్పీకర్లో తోటి నర్సు గొంతు, వార్డు నుంచి.

"టాక్సీ బోల్తా పడిందే. మధ్యాహ్నం మూడింటికట. నువ్వెళ్లాక తెచ్చారు. డ్రైవరు పోయాడు… జేబులో మీ ఆయన నంబరుంది."

మొగుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అతను వదిలి వెళ్లిన చక్రం మీద ఆమె చెయ్యి వేసింది. కాలుతోంది. భయమేసింది. కానీ భయాన్ని మించిన కోపం. గూట్లో కత్తి తీసి ఒక్కో టైరు పక్క భాగాన్ని నిలువునా చీల్చింది. నాలుగూ. అడ్డొచ్చిన మొగుణ్ణి విదిలించి కొట్టింది.

"పదండి స్టేషనుకి. మీ నోటితో మీరే చెప్పండి."

చెప్పాడు. ఏడుస్తూ, పగుళ్లూ రంగూ అన్నీ చెప్పాడు. పోలీసాయన విని తల అడ్డంగా ఊపాడు.

"పగుళ్ల వల్ల కాదయ్యా." ఫోన్లో ఫొటో చూపించాడు. మూడుంబావుకి తీసింది. తలకిందులైన టాక్సీ. నాలుగు చక్రాలూ దానికే ఉన్నాయి. నాలుగు టైర్లూ… పక్క భాగంలో నిలువునా చీలి ఉన్నాయి.

"ఎవరో కత్తితో కోశారు," అన్నాడు ఆమె వైపు చూస్తూ.