టైరూ వాలూ

"టైరు లాగడానికి నువ్వేమైనా గాడిదవా?" అంది టషీనా.

"వాలులో దొర్లడానికి నువ్వు కొబ్బరికాయవా?" అన్నాడు కెమార్, నడుముకి తాడు బిగించుకుంటూ.

ట్రెలానీ కొండల్లోని ఆ పరుగుపందేల క్లబ్బులో ఇది రోజూ ఉండే గొడవే. టైరు లాగితే అడుగులో బలం పెరుగుతుందంటాడు అతను. పల్లంలోకి పరుగెత్తితే కాళ్లు వేగానికి అలవాటు పడతాయంటుంది ఆమె. కోచ్ మిస్ ఐవీ విసిగిపోయి, ఇద్దరి టైమూ ఒకసారి తన స్టాప్‌వాచీతో చూసుకుంది. "నెలరోజులు ఎవరి పద్ధతి వాళ్లది. రోజూ ఈ వాచీతోనే ఒకరి టైము ఇంకొకరు చూడండి. టైము తగ్గనివాళ్లకి జిల్లా జట్టులో చోటు లేదు."

నెల తిరిగేసరికి కెమార్ టైము జోరుగా దిగింది. టషీనాది కదల్లేదు. కాల్చిన పెండలం చేతిలోనే చల్లారిపోతుంటే గట్టు మీద కూర్చుంది. "రేపట్నుంచి అమ్మతో సంతకి పోతాను మిస్. నా పేరు తీసెయ్యండి."

కెమార్ గొంతు సవరించుకున్నాడు. "తియ్యకండి మిస్. తప్పు వాలుది కాదు, నా బొటనవేలిది."

"వేలికేమైంది?"

"ఆమె ముగింపు గీత దగ్గరికొస్తుంటే చూస్తూ ఉండిపోతాను. దాటి పోయాక గాని వాచీ నొక్కాలని గుర్తురాదు."

"నెలంతానా?" టషీనా లేచింది. "తిండి మానేశాను కదరా, వెధవా!" పెండలం అతని భుజానికి తగిలింది.

మిస్ ఐవీ వాచీ లాక్కుని ఆమెను పరుగెత్తించింది. టైము బాగా తగ్గింది. తర్వాత కెమార్‌నీ పరుగెత్తించి, కనుబొమలు ముడిచింది. "తగ్గింది గాని, టషీనా చెప్పినంత లేదే!"

గడ్డి మీద నూనె పోసి కాల్చిన నల్లగీతను టషీనా కాలి బొటనవేలితో గీకసాగింది. "ఇతను గీత దాకా రాకముందే నా వేలు నొక్కేస్తుంది మిస్."

"ఎందుకట?"

"జట్టులో ఉండాలని... నాతో."

కెమార్ ఒక్క అంగలో ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"టైరూ పనిచేసింది, వాలూ పనిచేసింది. పనిచెయ్యనివి మీ వేళ్లే," అంది మిస్ ఐవీ. "ఇద్దరి పేర్లూ పంపిస్తాను. రేపట్నుంచి ఇద్దరూ రెండూ చెయ్యండి. వాచీ మాత్రం నా దగ్గరే."

"మరి గీత దగ్గర నాకేం పని?" అన్నాడు కెమార్.

"చేతులు చాపి నిలబడు," అంది టషీనా, మళ్లీ పరుగుకి వెళ్తూ. "దాటాక నాకు ఆగడం చేతకాదు."