బరఫు బొమ్మ తొలిచూపు

పందొమ్మిది వందల నలభై ఏడు వేసవిలో, ఖాజాగూడ దొర తన కూతురి పెండ్లి విందుకు పందిరి నడుమ బరఫు బొమ్మ నిలబెట్టాలని ముచ్చటపడ్డాడు. పట్నం నుంచి రైల్లో లింగంపల్లికి వచ్చిన మంచుదిమ్మను ఊకలో కప్పి, తడిగోనెలు చుట్టి, ఎడ్లబండి మీద దొర ఉండే గడికి చేర్చారు. చెక్కే పని లింగమూర్తిది. గుడులకు రాతి విగ్రహాలు మలచిన చెయ్యి అది. మధ్యాహ్నానికల్లా హారతి పళ్లెం పట్టిన స్త్రీ ఆ దిమ్మలోంచి బయటికొచ్చింది. కళ్లచోటు మాత్రం నున్నగా వదిలేశాడు.

“ఏందయ్యా, చుట్టాలకు గుడ్డిదాన్ని ఎదురు తోలుతవా?” అని నవ్వాడు గడి పనులు చూసే మొగిలి.

విగ్రహానికి కళ్లు తెరిచేటప్పుడు ఎదుట మనిషి ఉండకూడదు. తొలిచూపు అద్దం మీదే పడాలి. లింగమూర్తి ఏనాడూ తప్పని నియమమది. అయితే ఇది పూజలందుకునే రాయి కాదు, కాసేపటికి నీళ్లయిపోయే బరఫు. దీనికి అద్దమెందుకనుకుని, సన్న ఉలితో కళ్లు గీశాడు. సరిగ్గా అప్పుడే అతని భార్య భాగ్యమ్మ ఊక గంపతో బొమ్మ ఎదుటికి వచ్చి ఆగిపోయింది.

“అవ్వో... ఇది నన్నే చూస్తున్నదయ్యా.”

విందు మొదలయ్యేసరికి పందిట్లో గాలి స్తంభించింది. మల్లెల వాసన, కాగిన నేతి వాసన, పెట్రోమాక్సు దీపాల బుస. అంత ఉక్కలోనూ బొమ్మ నుంచి ఒక్క చుక్క రాలలేదు. వచ్చినవాళ్లు అదంతా శిల్పి పనితనమని మెచ్చుకున్నారు. అతనికి మాత్రం మరెక్కడో నీరు కారుతున్న చప్పుడు వినబడుతోంది.

టప్... టప్...

వెనక్కి తిరిగాడు. గుంజకు ఆనుకుని భాగ్యమ్మ. కుచ్చెళ్ల నుంచి నీళ్లు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లన. వేళ్లు... పట్టుకున్నకొద్దీ సన్నబడుతున్నాయి.

“జర గట్టిగ పట్టుకోయ్యా,” అంది గుసగుసగా. “కారిపోతున్న...”

లింగమూర్తి గడిలోకి ఉరికాడు. పెండ్లికూతురి ముందున్న అద్దం లాక్కొచ్చి, బొమ్మ ముఖానికెత్తి పట్టాడు. ఏదో చిట్లింది. అద్దం కాదు. బొమ్మ చెక్కిలి మీద తొలి చుక్క జారింది. తర్వాత ముఖం, భుజాలు, పళ్లెం... చూస్తుండగానే కరిగి, కిందనున్న గంగాళంలోకి కూలిపోయాయి.

“ఇగ పోదాం పా.”

భాగ్యమ్మ గొంతు. పొడి చీర. వెచ్చని చెయ్యి. ఆ చెయ్యి కళ్లకద్దుకుని అతడు ఏడ్చాడు.

బండి కదలబోతుండగా మొగిలి ఎదురొచ్చాడు. “లింగమూర్తీ, ఆగు జర. గంగాళం వంపుతుంటే దొరికినయ్. మీ ఇంటామెవేనా?”

అతని అరచేతిలో వెండి మెట్టెలు. భాగ్యమ్మవే. పెండ్లినాటి నుంచి వేళ్లకు బిగుసుకుపోయి, ఎంత నూనె రాసినా ఊడనివి.

లింగమూర్తి మెల్లగా తల తిప్పాడు.

“ఏంది, గట్ల చూస్తవ్?” అని నవ్వింది బండిలోని మనిషి. నవ్వుతూనే, పాదాలను చీర కిందికి ముడుచుకుంది.